పత్తికొండ దాకా వచ్చిన డిస్కు

ఒక సినిమాను డిస్కు మీద ముద్రించి ఇళ్లకు అమ్మాలంటే డిస్కు చేసేవారు, దాన్ని ఆడించే ప్లేయరు చేసేవారు, సినిమా హక్కులు చేతిలో ఉన్నవారు ముందుగా ఒక మాట మీదికి రావాలి. డిస్కు వ్యాసం ఎంత, మందం ఎంత, దాని మీది గుర్తులు ఎంత దగ్గర దగ్గరగా ఉండాలి, వాటిని ఏ కాంతితో చదవాలి, చదివిన అంకెలను బొమ్మగా, శబ్దంగా ఎలా మార్చాలి అన్న నిర్ణయాలన్నీ కలిపి ఫార్మాట్ అనిపించుకుంటాయి. ఆ ఫార్మాట్‌ను పరిశ్రమ అంతా ఒప్పుకొని, రాతపూర్వకంగా ఖరారు చేసి, ఎవరు తయారుచేసినా దానికే కట్టుబడితే అది ప్రమాణం అవుతుంది. అక్కడికి చేరే ప్రయత్నమే ప్రామాణీకరణ. ఈ మూడు పక్షాలూ ఒప్పందానికి రాకుండానే సరుకును బజారులోకి వదిలితే దాని నష్టం, ఆ చర్చల్లో కూర్చునే అవకాశమే లేని నాలుగో పక్షం మీద, అంటే కొనేవారి మీద పడుతుంది. పెద్ద నగరంలో తప్పు పెట్టె కొన్నవాడు దాన్ని అమ్ముకొని మరొకటి తెచ్చుకోగలడేమో గాని, కర్నూలు జిల్లా మెట్టసీమలో వానను నమ్ముకొని వేరుశనగో పత్తో పండించి, ఆ డబ్బుతో ఒక ప్లేయరు కొన్న పత్తికొండ ప్రాంతపు కుటుంబానికి రెండో పెట్టె కొనే స్తోమత మళ్లీ మంచి పంట చేతికొస్తే గాని రాదు. ఫార్మాట్ల చరిత్రను కంపెనీల గెలుపోటముల కథగా చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ చరిత్రను ఈ చివరి కొనుగోలుదారు వైపు నుంచి చూసినప్పుడే ప్రామాణీకరణ ఎందుకు కావాలో స్పష్టమవుతుంది.

కొలతను ఏకం చేయడం ఈ నేలకు కొత్త కాదు. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, ఏ రైతు శిస్తు ఆ రైతుకే విడిగా నిర్ణయించే రైత్వారీ పద్ధతికి పునాదిగా, పొలాలన్నిటినీ 33 అడుగుల గొలుసుతో కొలిపించాడు. ఆ గొలుసు పొడవే భుజంగా గల చదరాలు నలభై కలిస్తే సరిగ్గా 43,560 చదరపు అడుగులు, అంటే ఒక ఎకరం. మద్రాసు గవర్నరయ్యాక అదే దత్తమండలాల్లో కడసారి పర్యటిస్తూ మన్రో 1827 జులై 6న పత్తికొండలోనే కలరాతో మరణించాడు. ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి: గొలుసు ఒకటైనంత మాత్రాన శిస్తు న్యాయమైపోలేదు, దాన్ని నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రోయే సిఫార్సు చేయవలసి వచ్చింది. కొలత అందరికీ ఒకటిగా ఉండాలా అన్నది ఒక ప్రశ్న, ఆ కొలత పేరిట ఎవరు ఎంత వసూలు చేసుకోవచ్చు అన్నది వేరే ప్రశ్న. వీడియో డిస్కుల చరిత్రలో ఈ రెండూ తరచుగా కలగలిసిపోయాయి. పైగా డిస్కుల విషయంలో గొలుసు పట్టుకొని నిలబడ్డ ప్రభుత్వమంటూ ఏదీ లేదు, ప్రతి కంపెనీ తన గొలుసు తానే చేసుకొని వచ్చింది.

మొదటి తరం డిస్కులు అలా వచ్చినవే. ఫిలిప్స్, ఎంసీఏ కలిసి రూపొందించిన లేజర్ డిస్క్ 1978 డిసెంబరులో అమెరికాలోని అట్లాంటాలో అమ్మకానికి వచ్చింది; 30 సెంటీమీటర్ల వెడల్పున్న ఈ డిస్కును లేజరు కాంతి తాకకుండానే చదివేది, అయితే అందులోని బొమ్మ అంకెల రూపంలో కాక అనలాగ్ రూపంలో, అంటే సంకేతపు హెచ్చుతగ్గుల రూపంలో ఉండేది. 1981 మార్చిలో ఆర్‌సీఏ తెచ్చిన సీఈడీ డిస్కులో గ్రామఫోను రికార్డులాగే గాడి, దాని మీద నడిచే ముల్లు ఉండేవి. గాడి అడుగున ఉన్న ఎత్తుపల్లాల వల్ల ముల్లుకూ డిస్కుకూ మధ్య విద్యుత్ ధారణశక్తి మారేది, ఆ మార్పే బొమ్మ అయ్యేది. 1983లో జపానులో జేవీసీ విడుదల చేసిన వీహెచ్‌డీ కూడా ధారణశక్తి మీదే పనిచేసినా దానికి గాడి లేదు. ఒకదాని డిస్కు మరొకదాని ప్లేయరులో పట్టేది కాదు, పట్టినా ఆడేది కాదు. కొనుగోలుదారులు ఎటూ తేల్చుకోలేక ఆగిపోయారు. ఈలోగా ఇంట్లోనే రికార్డు చేసుకునే వీలున్న వీహెచ్ఎస్ క్యాసెట్ ఇళ్లను ఆక్రమించింది. ఆర్‌సీఏ 50 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకొని 1984లో ప్లేయర్ల తయారీ మానేసింది. ఈ మూడింటిలో ఏదీ రాయలసీమ పల్లెల ముఖం చూడలేదు. అక్కడికి వచ్చినవి వీసీఆరు, కలరు టీవీ, నాలుగైదు క్యాసెట్లు; వాటిని బాడుగకు తెచ్చి జాతరకో పెళ్లికో రాత్రంతా వీధిలో సినిమాలు వేసేవారు.

తర్వాతి తరం కథ వేరుగా నడవడానికి కారణం, ఫిలిప్స్, సోనీ కంపెనీలు బజారులో తలపడకముందే ఒకచోట కూర్చోవడం. రెండూ విడివిడిగా సంగీతపు డిస్కును తయారుచేస్తున్న దశలో తమ ఇంజనీర్లను కలిపి, 1980లో కాంపాక్ట్ డిస్క్ కొలతలను ఒక గ్రంథంగా ఖరారు చేశాయి. అట్ట రంగును బట్టి దానికి రెడ్ బుక్ అని పేరు. 12 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం, సర్పిలంగా తిరిగే జాడలో పక్కపక్క చుట్ల మధ్య 1.6 మైక్రాన్ల ఎడం, చదవడానికి 780 నానోమీటర్ల పరారుణ లేజరు అని అందులో నిర్ణయించారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు. 1982 అక్టోబరులో జపానులో ఈ డిస్కు అమ్మకానికి వచ్చేనాటికి దానికి పోటీ ఫార్మాట్ అంటూ ఏదీ మిగల్లేదు.

ఈ కొలతల వెనక ఉన్న భౌతికశాస్త్రం దుమ్మూధూళీ ఎక్కువగా ఉండే సీమలకు ఎంతగా సరిపోయిందో కాస్త వివరంగా చూడాలి. సమాచారం ఉన్న పొర డిస్కు పైన కాక 1.2 మిల్లీమీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్కు అవతల ఉంటుంది. కటకం గుండా వచ్చే లేజరు కిరణం ప్లాస్టిక్కు ఉపరితలాన్ని తాకేటప్పుడు దాదాపు 0.8 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉండి, లోపలికి పోయేకొద్దీ కుంచించుకుపోయి, గుర్తుల పొరను చేరేసరికి రెండు మైక్రాన్ల లోపు చుక్క అవుతుంది. అందువల్ల ఉపరితలం మీది దుమ్ము రేణువు కిరణంలో కొద్ది భాగాన్నే అడ్డుకుంటుంది, చదవడం ఆగదు. అదే రేణువు సీఈడీ ముల్లు దారిలో పడితే ముల్లు గాడి తప్పేది. గీతలు పడినప్పుడు పోయిన అంకెలను తిరిగి రాబట్టుకునే ఏర్పాటు కూడా రెడ్ బుక్‌లోనే ఉంది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే గణితజ్ఞులు ప్రతిపాదించిన సంకేత విధానంలో అసలు సమాచారానికి తోడుగా కొన్ని అదనపు అంకెలు చేరుస్తారు, కొన్ని చెరిగిపోయినా మిగిలినవాటి మధ్య ఉన్న గణిత సంబంధాన్ని బట్టి పోయినవాటిని లెక్కగట్టవచ్చు. దీనికి తోడు, వరసగా ఉండవలసిన అంకెలను డిస్కు మీద దూరదూరంగా చెదరగొట్టి రాస్తారు, అందుచేత ఒకేచోట పడిన పెద్ద గీత చాలాచోట్ల చిన్న చిన్న లోపాలుగా విడిపోతుంది. ఈ రెండు ఉపాయాల బలంతో జాడ వెంట సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర సమాచారం పూర్తిగా పోయినా సీడీ ప్లేయరు దాన్ని లోపం లేకుండా సరిదిద్దుకుంటుంది. ఈ గణితం ఏ ఒక్క కంపెనీ ప్లేయరుకో పరిమితమై ఉంటే దాని ఫలితం కొందరికే దక్కేది, ప్రమాణంలో భాగం కావడం వల్ల అతి చవక ప్లేయరులో కూడా అది తప్పనిసరిగా ఉండవలసి వచ్చింది.

ఆ డిస్కు మీదనే సినిమాను ఎక్కించే ఒప్పందం 1993లో కుదిరింది. ఫిలిప్స్, సోనీ, మత్సుషితా, జేవీసీ కలిసి ఖరారు చేసిన ఆ గ్రంథం వైట్ బుక్, దాని ఫలితం వీడియో సీడీ, తెలుగునాట అందరి నోటా నలిగిన వీసీడీ. పాశ్చాత్య దేశాల్లో ఇది నిలదొక్కుకోలేదు కాబట్టి అక్కడి ఫార్మాట్ల చరిత్రల్లో దీనికి రెండు మూడు వాక్యాలకు మించి చోటు దక్కదు. చైనా, భారతదేశం, ఆగ్నేయాసియా దేశాల్లోని కోట్ల ఇళ్లలో మొదటి వీడియో డిస్కు ఇదే అయినప్పుడు, ఆ చరిత్రలు అసంపూర్ణమని చెప్పక తప్పదు.

వీసీడీలో ఉన్న అసలు విశేషం ఎంపెగ్-1 అనే బొమ్మల కుదింపు ప్రమాణం. భారతదేశపు టీవీ పద్ధతికి అనువైన వీసీడీ బొమ్మలో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు, సెకనుకు 25 బొమ్మలు ఉంటాయి. కుదించకపోతే సెకను నిడివికి సుమారు 3 కోట్ల బిట్లు కావాలి. డిస్కు అందించగలిగింది బొమ్మకు సెకనుకు దాదాపు 11.5 లక్షల బిట్లు మాత్రమే, అంటే ఇరవై ఆరింట ఒక వంతు. ఈ అంతరాన్ని పూడ్చడానికి ఎంపెగ్ రెండు సంగతులను వాడుకుంటుంది: ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య చాలా భాగం మారదు కనుక మారిన భాగాన్ని, కదిలిన దిశను మాత్రమే రాస్తే చాలు, ఒకే బొమ్మలో కూడా కన్ను అంతగా పట్టించుకోని సూక్ష్మ వివరాలను వదిలేయవచ్చు. కథానాయకుడు నిలబడి మాట్లాడే సన్నివేశం శుభ్రంగా కనిపించి, నలభైమంది నర్తకులతో పాట మొదలవగానే తెర గళ్లు గళ్లుగా చెదిరిపోవడం వీసీడీ చూసినవారందరికీ గుర్తుండే ఉంటుంది. అంత కదలికను ఆ 11.5 లక్షల బిట్లలో ఇమడ్చలేక కుదింపు చేతులెత్తేసిన చోటు అది.

ప్రామాణీకరణకు ఇంతకంటే మంచి పాఠం దొరకడం కష్టం, ఎందుకంటే ఎంపెగ్ రూపకర్తలు కుదించిన సమాచారం ఏ రూపంలో ఉండాలో, దాన్ని ఎలా విప్పాలో మాత్రమే నిర్దేశించి, ఎలా కుదించాలన్నది ఎవరికి వారికే వదిలిపెట్టారు. విప్పే పద్ధతి కదలకుండా ఉన్నందువల్ల దాన్ని ఒక చిప్పుగా మార్చి లక్షల సంఖ్యలో చవకగా తయారుచేయడం సాధ్యమైంది; కుదించే పద్ధతి స్వేచ్ఛగా ఉన్నందువల్ల ఏటేటా మెరుగైన యంత్రాలు వచ్చి, పాత ప్లేయరులోనే కొత్త డిస్కు బొమ్మ మరింత బాగా కనిపించింది. ప్రమాణం పోటీని చంపుతుందనే వాదనకు ఇది నేరుగా సమాధానం. కలవవలసిన చోట కొలతను స్థిరపరచి మిగతాదంతా వదిలేస్తే పోటీ ధరలోకి, నాణ్యతలోకి, మన్నికలోకి మళ్లుతుంది, కొనేవారికి కావలసింది కూడా ఆ పోటీయే.

2000 తర్వాతి దశాబ్దంలో పత్తికొండ, ఆలూరు, ఆదోని వంటి ఊళ్ల బజార్లలో ఈ ఫలితం కంటికి కనిపించింది. క్యాసెట్ల షాపులు సీడీ షాపులయ్యాయి. ఊరూపేరూ తెలియని కంపెనీల ప్లేయర్లు కూడా ఏ షాపు డిస్కునైనా ఆడించాయి. సినిమా రెండు డిస్కులు, నిడివి ఎక్కువైతే మూడు డిస్కులుగా బాడుగకు దొరికింది, ఎందుకంటే ఒక్కో వీసీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టి తెలుగు సినిమాలనూ అదే దారిలో తెచ్చినప్పుడు, అసలు డిస్కు ధర దొంగ డిస్కు ధరకు దగ్గరైంది. దొంగ డిస్కు కూడా ప్రమాణం పుణ్యమేనన్నది నిజం. ఎవరైనా చేయగలిగేంత తెరిచి ఉన్న ఫార్మాట్‌ను దొంగ కూడా చేయగలడు. అయితే దొంగతనాన్ని ఆపడానికి ఫార్మాట్‌ను చిక్కుముడిగా మార్చిన ప్రతిసారీ ఇబ్బంది పడింది ఎక్కువగా నిజాయితీగా కొన్నవారే, దొంగతనం తగ్గడానికి చట్టంతో పాటు ఆ 28 రూపాయల ధర కూడా అవసరమైంది.

డీవీడీ పుట్టుకలో ప్రమాదం అంచుల దాకా వచ్చి తప్పిపోయింది. 1995 నాటికి ఫిలిప్స్, సోనీల పక్షాన ఒక డిస్కు, తోషిబా, టైమ్ వార్నర్ పక్షాన మరొక డిస్కు సిద్ధంగా ఉన్నాయి. ఐబీఎం, ఆపిల్, మైక్రోసాఫ్ట్ మొదలైన కంప్యూటర్ కంపెనీలు ఒకే డిస్కు వస్తే తప్ప తాము దేన్నీ వాడబోమని తేల్చిచెప్పడంతో ఇరుపక్షాలూ దిగివచ్చాయి. 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటిని అతికించే నిర్మాణం తోషిబా పక్షానిది. అంకెలను గుర్తులుగా మార్చే విధానం ఫిలిప్స్, సోనీలది. గీతలను మరింత బాగా తట్టుకునే ఆ విధానం కోసం 5 గిగాబైట్లు అనుకున్న పరిమాణాన్ని 4.7కు తగ్గించుకున్నారు. లేజరు 650 నానోమీటర్ల ఎరుపుకు మారింది, చుట్ల ఎడం 0.74 మైక్రాన్లకు తగ్గింది, మూడు డిస్కుల సినిమా ఒక్కదానిలో పట్టింది. కొనేవారి పక్షాన ఒత్తిడి తేగల బలమైన పక్షం ఒకటి ఉండడం వల్లనే ఇది జరిగింది. ఇంటి ప్రేక్షకులకు అలాంటి సంఘం లేదు, కంప్యూటర్ కంపెనీలు తమ అవసరం కోసం చేసిన పని వారికీ కలిసొచ్చింది.

ఇదే ప్రమాణంలో సినిమా సంస్థలు పట్టుబట్టి చేర్పించిన ప్రాంతీయ సంకేతం మాత్రం కొలత పేరిట కట్టిన కంచె. ప్రపంచాన్ని మండలాలుగా విడదీసి అమెరికాకు 1, భారతదేశానికి 5 అని సంఖ్యలిచ్చి, ఒక మండలపు డిస్కు మరొక మండలపు ప్లేయరులో ఆడకుండా చేశారు. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు అప్పటికే మరొక అడ్డంకి తెలుసు: భారతదేశపు టీవీ పద్ధతి పాల్, అంటే 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, అంటే 525 గీతలు, దాదాపు 30 బొమ్మలు. ఊరి నుంచి పంపిన పెళ్లి క్యాసెట్ అక్కడి వీసీఆరులో ఆడాలంటే ముందుగా దాన్ని మార్పించుకోవలసి వచ్చేది. అందుకే ప్రవాసుల కోసం ముద్రించిన భారతీయ సినిమా డీవీడీలు సాధారణంగా ఎన్‌టీఎస్‌సీలో, ఏ మండలానికీ కట్టుబడకుండా వచ్చేవి.

1995 నాటి వివేకం పదేళ్లకు కొరవడింది. నిచియా కంపెనీలో షూజీ నకమూరా సాధించిన నీలి లేజరు డయోడు వల్ల 405 నానోమీటర్ల కాంతి అందుబాటులోకి వచ్చింది. తరంగదైర్ఘ్యం తగ్గితే చుక్క చిన్నదవుతుంది, చుక్క చిన్నదైతే అదే డిస్కులో ఎక్కువ గుర్తులు పడతాయి. వివాదమంతా ఆ గుర్తుల మీది పారదర్శక పొర మందం దగ్గర వచ్చింది. సోనీ పక్షపు బ్లూ-రే దాన్ని 0.1 మిల్లీమీటరుకు తగ్గించి పొరకు 25 గిగాబైట్లు సాధించింది, అయితే దానికి కొత్త కర్మాగారాలు, గీతలను ఆపే గట్టి పైపూత అవసరమయ్యాయి. తోషిబా పక్షపు హెచ్‌డీ డీవీడీ 0.6 మిల్లీమీటర్లనే ఉంచి, పాత యంత్రాలతోనే తయారయ్యే వీలు చూసుకొని, 15 గిగాబైట్లతో సరిపెట్టుకుంది. రెండింటికీ చెప్పుకోదగ్గ న్యాయం ఉంది కాబట్టే ఒక మధ్యేమార్గం సాధ్యమై ఉండాలి. 2005లో చర్చలు విఫలమై, 2006లో రెండూ బజారుకెక్కాయి. 2008 జనవరి 4న వార్నర్ సంస్థ బ్లూ-రే వైపు వెళ్లిపోగానే, ఫిబ్రవరి 19న తోషిబా తప్పుకుంది. ఆ రెండేళ్లలో హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లు కొన్నవారి చేతిలో కొత్త సినిమాలు రాని పెట్టెలు మిగిలాయి. గెలిచిన బ్లూ-రే కూడా కోల్పోయిన కాలాన్ని తిరిగి సంపాదించుకోలేదు. రాయలసీమ చిన్న ఊళ్ల సీడీ షాపుల్లో అది పాతుకోకముందే పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు, 2016 సెప్టెంబరులో జియో రాకతో చవకైన మొబైల్ డేటా ఆ షాపుల అవసరాన్నే తగ్గించేశాయి.

ప్రమాణం కుదరనప్పుడు అన్ని ఫార్మాట్లనూ చదివే ప్లేయరు చేస్తే సరిపోదా అన్న వాదన ఒకటి ఉంది. రాసుకునే డీవీడీల్లో ప్లస్, మైనస్ రకాలు విడిపోయినప్పుడు రెంటినీ రాసే డ్రైవులు వచ్చి ఆ చిక్కును తీర్చాయి కూడా. ఈ పరిష్కారం ఎంత ఖరీదైనదో గుంతకల్లు జంక్షను చరిత్ర చెబుతుంది: మద్రాసు, బొంబాయిల మధ్య నడిచే బ్రాడ్‌గేజి, గుంటూరు నుంచి నంద్యాల, ద్రోణాచలం మీదుగా వచ్చే మీటరుగేజి కలిసిన ఆ స్టేషనులో, 1990ల్లో మీటరుగేజిని మార్చేదాకా, ఒక దారి నుంచి మరొక దారికి పోవలసిన సరుకును దించి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. పని జరిగేది, దాని కూలి ప్రతి బస్తా మీదా పడేది. అన్నిటినీ చదివే ప్లేయరులోనూ అదనపు లేజరు, అదనపు చిప్పు, అదనపు పేటెంటు రుసుము ప్రతి కొనుగోలుదారు మీదా పడతాయి, అవన్నీ అతనికి ఎప్పటికీ అవసరం రాకపోయినా సరే.

తొందరపడి ఖరారు చేసిన ప్రమాణం నాసిరకం సాంకేతికతను స్థిరపరుస్తుందన్నది దీనికంటే బలమైన అభ్యంతరం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వీసీడీ బొమ్మ నాణ్యత తక్కువే. మరి మూడు నాలుగేళ్లు ఆగితే డీవీడీయే వచ్చేది. అయితే ఆగమని చెప్పగలిగేది అప్పటికే వీసీఆరు ఉన్నవారికి. మొదటిసారి సొంతంగా సినిమా చూడగలిగిన ఇంటికి ఆ మూడు నాలుగేళ్లు చిన్నవి కావు. పైగా డీవీడీ ప్లేయర్లు చాలావరకు వీసీడీని చదవగలిగాయి, ఎందుకంటే వ్యాసం, మందం మారకుండా పాతదాని మీదే కొత్తదాన్ని కట్టారు. ప్రమాణానికి గడువు తీరినప్పుడు అంతకుముందు కొన్నది వృథా కాకుండా చూడడం కూడా ప్రమాణం రాసేవారి బాధ్యతే. పేటెంటు రుసుముల సంగతికి వస్తే, అది మన్రో గొలుసు దగ్గర చెప్పిన రెండో ప్రశ్న: కొలతను అందరికీ ఒకటి చేసినవారు ఆ కొలత వాడకానికి ఎంత అడగవచ్చన్నది ప్రమాణం ఖరారయ్యేలోగానే తేలాలి, ఆ తర్వాత బేరమాడే బలం ఎవరికీ ఉండదు.

డిస్కులు పోయినా ఈ తగువు పోలేదు. డీటీహెచ్ డిష్‌తో వచ్చిన సెట్‌టాప్ బాక్సు, వినియోగదారు మరొక కంపెనీకి మారగానే పనికిరాకుండా పోతుంది; ఏ కంపెనీ ప్రసారాన్నయినా అందుకునే బాక్సులు ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది.

ఇంతకంటే తొందర పడవలసిన విషయం ఇళ్లలోని పెళ్లి వీసీడీలది. ఇవి అచ్చు వేసిన సినిమా డిస్కులు కావు, లేజరుతో రంగుపొర మీద రాసిన సీడీ-ఆర్‌లు. ఆ రంగుపొర వేడికీ ఎండకూ చెడిపోతుంది, కర్నూలు, కడప జిల్లాల వేసవి అందుకు చాలు. లోపలి బొమ్మ మాత్రం అంతర్జాతీయ ప్రమాణంగా ప్రచురితమైన ఎంపెగ్-1లో ఉంది కాబట్టి, తయారుచేసిన ప్లేయరు కంపెనీ మూతపడినా, వీడియో తీసిన స్టూడియో లేకపోయినా, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ దాన్ని ఈనాటికీ విప్పగలదు. డిస్కును చదివే డ్రైవు ఉన్న పాత కంప్యూటరులో పెడితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు, అందులో .DAT అనే కొసపేరుతో ఒక పెద్ద ఫైలు కనిపిస్తాయి. ఆ ఫైలును ఉన్నది ఉన్నట్టుగానే రెండు వేర్వేరు చోట్ల దాచుకోవాలి, వేరే రూపంలోకి మార్చి మళ్లీ కుదిస్తే ఇప్పటికే 11.5 లక్షల బిట్లకు కుదించుకుపోయిన ముఖాలు మరింత చెరిగిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవు పెట్టడం కంపెనీలు చాలావరకు మానేశాయి కాబట్టి, చదివే యంత్రాలు ఊళ్లలో మిగిలి ఉండగానే ఈ పని జరగాలి.